అణుముద్రిత పాలిమర్లతో నీటి నుంచి అయానిక ద్రవాలను వేరుచేయడం: రాయలసీమ పరిశోధక విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగివేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాల వంటి చోట్ల ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఈ అంశాన్ని ఎంచుకునేవారికి దాదాపు ఒకే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని పని జరిగే వరుసలో కూర్చి ఇక్కడ ఇస్తున్నాం. పట్టుకోవలసిన అణువునో దాని పోలిక ఉన్నదాన్నో మూసగా మధ్యలో ఉంచి పాలిమర్ కట్టి, తర్వాత ఆ మూసను తీసేస్తే దాని ఆకారపు గూళ్లు మిగులుతాయి; అలాంటిదే అణుముద్రిత పాలిమర్, పొట్టిగా ఎంఐపీ. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. స్వేదనజలంలో చక్కగా పనిచేసిన పాలిమర్ మన బోరునీటిలోనూ అలాగే పనిచేస్తుందని ముందే నమ్మవద్దన్నది ఈ పుట రాయడానికి ముఖ్య కారణం.

## అంశం ఎంచుకునే ముందు

అయానిక ద్రవాలు ఆవిరి కావు కదా, వాటిని కాలుష్యంగా ఎందుకు చూడాలి?

100 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో కరిగే లవణాలను అయానిక ద్రవాలు అంటున్నాం. వాటికి ఆవిరి పీడనం దాదాపు ఉండదు కాబట్టి గాలిని పాడుచేయవన్న మాట నిజమే. అయితే వాటిలో చాలా రకాలు నీటిలో బాగా కరుగుతాయి, ఒకసారి మురుగునీటిలో కలిస్తే గాలిలోకి వెళ్లిపోయే దారి వాటికి లేదు. ఇమిడజోలియం (రెండు నైట్రోజన్లున్న ధనావేశ వలయం) రకాల్లో ఆల్కైల్ గొలుసు పొడవు పెరిగేకొద్దీ జలచరాలపై విషప్రభావం పెరుగుతుంది; పొట్టి గొలుసు ఉన్నవి అంత విషపూరితం కాకపోయినా సూక్ష్మజీవులకు సులభంగా లొంగవు. ఇంగ్లండ్‌లో ఒక చెత్త పూడ్చివేత స్థలం చుట్టుపక్కల మట్టిలో ఆక్టైల్ మీథైల్ ఇమిడజోలియం దొరికిందనీ, కాలేయంలోని పిత్తనాళాలకు వచ్చే ఒక వ్యాధికి అది ప్రేరకం కావచ్చుననీ న్యూకాజిల్ పరిశోధకులు 2018లో ప్రచురించారు. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, టెట్రాఫ్లోరోబోరేట్ ఆనయాన్లు (రుణావేశ అయాన్లు) ఉన్నవి జలవిశ్లేషణ చెంది హైడ్రోజన్ ఫ్లోరైడును వదులుతాయన్నది వేరే చిక్కు.

ఎంఐపీ తయారీలో అయానిక ద్రవం వాడడం, ఎంఐపీతో అయానిక ద్రవాన్ని తీయడం ఒకటేనా?

కాదు. మొదటిదాంట్లో అయానిక ద్రవం ఒక పనిముట్టు: ద్రావణిగానో, వినైల్ ఇమిడజోలియం వంటి మోనోమర్‌గానో ఉంటుంది, పట్టుకోవలసిన పదార్థం మందో పురుగుమందో మరొకటి అవుతుంది. రెండోదాంట్లో అయానిక ద్రవపు కాటయానే (ధనావేశ అయానే) మనం పట్టుకోవలసిన లక్ష్యం. సాహిత్య సమీక్షలో ఈ రెండూ కలిసిపోతే పరీక్షకులు మొదట అడిగే ప్రశ్న దాని మీదే ఉంటుంది, కాబట్టి పత్రాలను మొదటి రోజు నుంచే రెండు ఫైళ్లుగా విడదీసి పెట్టుకోండి.

మార్కెట్‌లో కాటయాన్ మార్పిడి కార్ట్రిడ్జ్‌లు దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకు?

మామూలు కాటయాన్ మార్పిడి రెసిన్ ధనావేశం ఉన్న దేన్నైనా పట్టుకుంటుంది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లక్ష్యం కంటే కొన్ని వందల, వేల రెట్లు ఎక్కువగా ఉంటే రెసిన్‌లోని చోటును అవే ఆక్రమిస్తాయి. అణుముద్రిత పాలిమర్‌లో రుణావేశ సమూహానికి తోడు, ఇమిడజోలియం వలయానికీ దాని గొలుసుకూ సరిపడే ఆకారం ఉన్న, కొంత జలవికర్షక స్వభావం గల గూడు కూడా ఉంటుంది. ఆవేశం, ఆకారం, జలవికర్షణ అనే ఈ మూడూ కలిసి పనిచేస్తేనే వరణాత్మకత, అంటే లక్ష్యాన్నే ఎంచి పట్టుకునే గుణం వస్తుంది. మీ పాలిమర్‌లో మొదటిది మాత్రమే పనిచేస్తుంటే మీరు ఖరీదైన పద్ధతిలో ఒక సాధారణ రెసిన్‌ను తయారుచేసినట్లే లెక్క.

థీసిస్ మొదటి అధ్యాయంలో చరిత్రను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ముద్రణ వైపు నుంచి అయితే 1931లో పొల్యకోవ్ సిలికాపై చేసిన పరిశీలనలు, 1949లో డికీ మీథైల్ ఆరెంజ్ సమక్షంలో తయారుచేసిన సిలికా జెల్, 1972లో వుల్ఫ్ సమయోజనీయ పద్ధతి, 1981లో ఆర్షడీ, మోస్బాక్ చూపిన అసమయోజనీయ పద్ధతి, 1994లో సెల్లర్‌గ్రెన్ పెంటమిడిన్‌పై చేసిన ఘనదశ నిష్కర్షణ చాలు. అయానిక ద్రవాల వైపు నుంచి 1914లో వాల్డెన్ వర్ణించిన, 12 డిగ్రీల వద్ద కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్‌ను, గాలికీ నీటికీ తట్టుకునే ఇమిడజోలియం లవణాలపై 1992లో విల్క్స్, జవరోట్కో ప్రచురించిన పనిని, సెల్యులోజును ఈ ద్రవాలు కరిగిస్తాయని 2002లో రోజర్స్ బృందం చూపడాన్ని ప్రస్తావించండి. అంతకు మించి సాగదీస్తే అసలు పని వెనకబడుతుంది.

మన జిల్లాల నీటిలో ఈ పదార్థాలు ఉన్నాయని రాయవచ్చా?

కొలిచి చూపకుండా రాయకూడదు. మీరు తెలిసిన పరిమాణంలో కలిపిన నమూనాను తిరిగి రాబట్టడం పద్ధతి పనిచేస్తుందనడానికి రుజువు అవుతుందే గాని, కాలుష్యం ఉందనడానికి కాదు.

## తయారీ దశలో

సీసాలో ఉన్న బ్యూటైల్ మీథైల్ ఇమిడజోలియం క్లోరైడు ద్రవంగా లేదు, గడ్డగా ఉంది. చెడిపోయిందా?

చెడిపోలేదు. ఈ లవణం సుమారు 70 డిగ్రీల వద్ద కరుగుతుంది, అందువల్ల అనంతపురం మే నెల ఎండలో కూడా అది ఘనంగానే ఉండాలి. నిజానికి అది పాకంలా మారితేనే అనుమానించాలి, ఎందుకంటే గాలిలోని తేమను అది చాలా త్వరగా పీల్చుకుంటుంది. తడి లవణాన్ని తూచితే మోల్ లెక్క మొత్తం తప్పుతుంది. వాడేముందు శూన్యంలో 60 నుంచి 70 డిగ్రీల వద్ద ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. వీలుంటే కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేమ శాతాన్ని నమోదు చేయండి.

మీథాక్రిలిక్ ఆమ్లం, క్లోరైడు లవణం రెండూ కలిపి పాలిమరీకరణ చేస్తే చాలదా?

ఎక్కువమంది పని దెబ్బతినేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాం. మీథాక్రిలిక్ ఆమ్లం బలహీన ఆమ్లం, దాని పీకేఏ (ఆమ్ల బలాన్ని చెప్పే అంకె) సుమారు 4.65. అది క్లోరైడు లవణంతో కలిసినప్పుడు తన ప్రోటాన్‌ను వదిలి, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పుట్టించి, కాటయాన్‌తో అయాన్ జంటగా మారదు. అంటే గట్టి ఆకర్షణ ఉందని మనం కాగితం మీద గీసుకున్న చోట నిజానికి తటస్థ ఆమ్లమే ఉంటుంది, ఇమిడజోలియం పక్కన క్లోరైడే నిలిచి ఉంటుంది, వలయంలోని రెండో కార్బన్‌పై ఉన్న హైడ్రోజన్ కూడా ఆ క్లోరైడుతోనే బంధం పెట్టుకుంటుంది. అలాంటి మిశ్రమం నుంచి వచ్చే గూళ్లు బలహీనంగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దీనికి మేం సిఫారసు చేసే మార్గం మూస అణువును మీథాక్రిలేట్ లవణంగా మార్చుకోవడం. క్లోరైడు ద్రావణాన్ని హైడ్రాక్సైడ్ రూపంలోని ఆనయాన్ మార్పిడి రెసిన్ గుండా పంపి, వెంటనే లెక్కకు సరిపడే మీథాక్రిలిక్ ఆమ్లంతో తటస్థపరచి, తక్కువ ఉష్ణోగ్రతలో నీటిని తీసేయాలి. హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని నిల్వ ఉంచకూడదు. క్లోరైడు మిగల్లేదని సిల్వర్ నైట్రేట్‌తో సరిచూడండి: మీథాక్రిలేట్ వల్ల వచ్చే తెల్లదనం తప్పుదారి పట్టించకుండా ముందు నైట్రిక్ ఆమ్లం కలపాలి. ట్రైఇథైల్ అమీన్ వంటి క్షారాన్ని చేర్చి సరిపెట్టుకోవాలనుకునేవారు, ఆ అమీన్ నుంచి పుట్టే అమ్మోనియం అయాన్ తానే పోటీ మూసగా మారగలదని గుర్తుంచుకోవాలి.

1:4:20 నిష్పత్తిని మార్చకూడదా?

మూస, మోనోమర్, గొలుసులను ఒకదానితో ఒకటి బిగించే క్రాస్‌లింకర్‌ల మోల్ నిష్పత్తిగా చాలా పత్రాల్లో కనిపించే ఆ అంకె మంచి ఆరంభం మాత్రమే. ఆవేశం ఉన్న మూసకు నాలుగు కార్బాక్సిల్ సమూహాలు ఇస్తే, గూటిలో ఒకటి కూర్చున్నాక మిగతావి ఎక్కడపడితే అక్కడ తేలి, ఎవరినైనా పట్టుకునే చోట్లుగా మిగిలిపోతాయి. 1:1, 1:2, 1:4 మూడింటినీ చిన్న పరిమాణంలో చేసి పోల్చండి. క్రాస్‌లింకర్‌గా ఇథిలీన్ గ్లైకాల్ డైమీథాక్రిలేట్‌ను తగ్గిస్తే మాత్రం గూళ్ల ఆకారం నిలవదు.

ద్రావణిగా ఏది వాడాలి?

ఎసిటోనైట్రైల్‌తో మొదలుపెట్టండి. ఇమిడజోలియం లవణాలు అందులో కరుగుతాయి, రంధ్రాలు కూడా బాగా ఏర్పడతాయి. మీథనాల్ అయాన్ జంటను విడదీసే శక్తి ఎక్కువ ఉన్నది కాబట్టి లవణం వేరే దేనిలోనూ కరగనప్పుడే కొద్దిగా కలపండి.

రాత్రంతా 60 డిగ్రీల వద్ద ఉంచినా మిశ్రమం గట్టిపడలేదు. కారణం ఏమై ఉంటుంది?

మొదట ఆక్సిజన్‌ను అనుమానించండి: నైట్రోజన్‌ను కనీసం పది నిమిషాలు ద్రావణం లోపలి నుంచి పంపి, గొట్టం మూతిని వెంటనే మూసేయాలి. తర్వాత నిరోధకం. మీథాక్రిలిక్ ఆమ్లంలో నిల్వ కోసం హైడ్రోక్వినోన్ మోనోమీథైల్ ఈథర్ కలుపుతారు. దాన్ని తగ్గించిన పీడనంలో స్వేదనం చేసి తొలగించాలి, ఎందుకంటే అల్యూమినా స్తంభం ఆమ్లాన్ని కూడా పట్టేసుకుంటుంది. క్రాస్‌లింకర్‌కైతే అల్యూమినా సరిపోతుంది. మూడోది మన ఊళ్లలో నిజంగా జరిగేది: ప్రారంభకమైన ఏఐబీఎన్‌ను వేసవిలో 40 డిగ్రీలు దాటే గదిలో బీరువాలో ఉంచితే అది సీసాలోనే నెమ్మదిగా విఘటనం చెందుతుంది. 65 డిగ్రీల దగ్గర దాని అర్ధజీవితకాలం సుమారు పది గంటలు. ఫ్రిజ్‌లో ఉంచడం భద్రత కోసం కూడా అవసరం. కరెంటు పోయి నీటితొట్టి చల్లబడినా పాలిమరీకరణ అసంపూర్తిగా ఆగుతుంది, అలాంటి బ్యాచ్‌ను తిరిగి వేడిచేసి వాడుకోకుండా పక్కన పెట్టండి. పోలిక కోసం చేసే మూసలేని పాలిమర్ అదే పరిస్థితుల్లో తయారుకాకపోతే రెండింటి మధ్య తేడాకు అర్థం ఉండదు.

గడ్డగా చేసి నూరాలా, సిలికా మీద పూతగా చేయాలా?

మొదటి ఆరు నెలలు గడ్డ పద్ధతే మంచిది: చౌక, ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు. నూరి జల్లించేటప్పుడు సగానికి పైగా పొడి వృథా అవుతుంది, కొన్ని గూళ్లు విరిగిపోతాయి కూడా. రసాయనం సరిగ్గా కుదిరిందని తేలాక సిలికా మీదో మాగ్నటైట్ రేణువుల మీదో ఉపరితల ముద్రణకు వెళ్లండి. మూస త్వరగా బయటకు రావడం, లక్ష్యం త్వరగా లోపలికి చేరడం దాని లాభాలు.

## మూసను తొలగించే దశలో

సాక్స్‌లెట్ (ద్రావణిని మళ్లీ మళ్లీ ఆవిరి చేసి కడిగే పరికరం)లో ఎన్ని గంటలు కడిగితే మూస పూర్తిగా పోతుంది?

గంటలను బట్టి కాదు, కడిగిన ద్రవంలో ఏముందో చూసి ఆపాలి. మీథనాల్, ఎసిటిక్ ఆమ్లం 9:1 ఘనపరిమాణ మిశ్రమం సాధారణంగా వాడతారు. ఇక్కడ ఆమ్లం చేసే పని ముఖ్యమైనది: అది కార్బాక్సిలేట్‌కు ప్రోటాన్‌ను ఇచ్చి తటస్థపరచినప్పుడే కాటయాన్‌కు విడుదల. ఒట్టి మీథనాల్‌తో ఎన్ని రోజులు కడిగినా అయాన్ జంటలో కొంత భాగం అలాగే ఉండిపోతుంది. ఆమ్లపు కడుగుడు తర్వాత ఒట్టి మీథనాల్‌తో మరోసారి కడిగి ఎసిటిక్ ఆమ్లాన్ని తీసేయండి.

సరిచూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇమిడజోలియం వలయం 211 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది, కానీ ఎసిటిక్ ఆమ్లం, మిగిలిపోయిన మోనోమర్ కూడా ఆ ప్రాంతంలోనే పీల్చుకుంటాయి. కడిగిన ద్రవాన్ని నేరుగా స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే లేని మూస ఉన్నట్లూ, ఉన్నది కనిపించనట్లూ తోచే ప్రమాదం ఉంది. ద్రావణిని ఆవిరి చేసి, మిగిలినదాన్ని నీటిలో కరిగించి, హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే ద్రవ క్రొమటోగ్రఫీ)లో వేరుచేసి చూడండి. మాస్ స్పెక్ట్రోమీటర్ అందుబాటులో ఉంటే బ్యూటైల్ మీథైల్ ఇమిడజోలియం ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి 139 వద్ద, ఇథైల్ రకం 111 వద్ద కనిపిస్తాయి.

ఎంత కడిగినా నమూనాలో మూస కొద్దికొద్దిగా కారుతూనే ఉంది. ఏం చేయాలి?

లక్ష్యానికి దగ్గరి పోలికలున్న వేరే అణువును మూసగా వాడండి. మీరు కొలవాల్సింది బ్యూటైల్ రకమైతే ప్రొపైల్ మీథైల్ ఇమిడజోలియంతో ముద్ర వేయవచ్చు. కారినా అది హెచ్‌పీఎల్‌సీలో వేరే సమయంలో వస్తుంది కాబట్టి ఫలితాన్ని పాడుచేయదు.

## బంధన పరీక్షల దశలో

మూసలేని పాలిమర్ కూడా దాదాపు అంతే పట్టుకుంటోంది. నా పని విఫలమైనట్లేనా?

వెంటనే ఆ నిర్ణయానికి రావద్దు. రెండు పాలిమర్లలోనూ కార్బాక్సిల్ సమూహాలు ఉన్నాయి, స్వేదనజలంలో పోటీపడే కాటయాన్లు లేవు, అందువల్ల రెండూ అయాన్ మార్పిడి ద్వారా గట్టిగా పట్టుకుంటాయి. తేడా బయటపడాలంటే ద్రావణంలో 10, 50, 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడు చేర్చుతూ పరీక్షను మళ్లీ చేయండి. ఉప్పు పెరిగేకొద్దీ మూసలేని పాలిమర్ పట్టు త్వరగా పడిపోయి, ముద్రిత పాలిమర్ పట్టు నిలబడితే గూళ్లు నిజంగా ఏర్పడ్డాయని చెప్పవచ్చు. రెండూ ఒకే వేగంతో పడిపోతే మాత్రం తయారీ దశకు తిరిగి వెళ్లాల్సిందే. రెండింటి ఉపరితల వైశాల్యాన్ని నైట్రోజన్ అధిశోషణంతో కొలవడం కూడా తప్పనిసరి, ఎందుకంటే రంధ్రాల తేడా వల్ల వచ్చిన ఆధిక్యాన్ని ముద్రణ ఫలితంగా పొరబడే అవకాశం ఉంది.

ముద్రణ గుణకాన్ని ఎలా లెక్కించాలి?

మూసలేని పాలిమర్ కంటే ముద్రిత పాలిమర్ ఎన్ని రెట్లు పట్టుకుందో చెప్పేదే ముద్రణ గుణకం. గ్రాము పాలిమర్ పట్టుకున్న పరిమాణాన్ని మొదట కనుక్కోవాలి. లీటరుకు 20 మిల్లీగ్రాముల గాఢత గల 10 మిల్లీలీటర్ల ద్రావణంలో 20 మిల్లీగ్రాముల పాలిమర్ వేశారనీ, సమతాస్థితి తర్వాత లీటరుకు 8 మిల్లీగ్రాములు మిగిలిందనీ అనుకుందాం. తగ్గిన 12ను 0.010 లీటర్లతో గుణించి 0.020 గ్రాములతో భాగిస్తే గ్రాముకు 6 మిల్లీగ్రాములు వస్తుంది. మూసలేని పాలిమర్ విషయంలో 14 మిగిలితే గ్రాముకు 3 మిల్లీగ్రాములు. 6ను 3తో భాగిస్తే గుణకం 2. ఈ అంకె గాఢతతో, పీహెచ్‌తో, ఉప్పుతో మారుతుంది కాబట్టి ఆ మూడూ పక్కన రాయకుండా గుణకాన్ని ఒక్కదాన్నే ప్రకటించవద్దు.

వరణాత్మకతను ఏ పదార్థాలతో పరీక్షించాలి?

గొలుసు పొడవును గుర్తుపడుతోందా అని చూడడానికి ఇథైల్, హెక్సైల్, ఆక్టైల్ ఇమిడజోలియం లవణాలు, వలయాన్ని గుర్తుపడుతోందా అని చూడడానికి బ్యూటైల్ పిరిడినియం, కేవలం ఆవేశానికి లొంగుతోందా అని చూడడానికి టెట్రాబ్యూటైల్ అమ్మోనియం తీసుకోండి. ఆక్టైల్ రకాన్ని బ్యూటైల్ కంటే ఎక్కువగా పట్టుకుంటే జలవికర్షణదే పైచేయి అని అర్థం. ఇమిడజోలియం కుటుంబం మొత్తాన్ని పట్టుకునే పాలిమర్ కూడా పర్యావరణ విశ్లేషణకు ఉపయోగపడుతుంది, దాన్ని లోపంగా దాచనక్కర్లేదు.

## బోరునీరు, కాలువనీరు దశలో

స్వేదనజలంలో లక్ష్యం 95 శాతం తిరిగి వచ్చింది, బోరునీటిలో సగం కూడా రావడం లేదు. ఎందుకు?

కాఠిన్యం వల్ల. అనంతపురం గ్రానైట్ నేలల బోర్లలోనూ, కడప, కర్నూలు జిల్లాల సున్నపురాయి పొరల నుంచి వచ్చే నీటిలోనూ కాల్షియం, మెగ్నీషియం గణనీయంగా ఉంటాయి. ఒక లెక్క వేసి చూడండి: లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం అంటే 2.5 మిల్లీమోల్‌లు, ఆవేశం లెక్కన 5 మిల్లీ ఈక్వివలెంట్లు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కాల్షియానికి 75ను ఆమోదయోగ్య పరిమితిగా, వేరే వనరు లేనప్పుడు 200 వరకు అనుమతిగా ఇస్తుంది, అంటే 100 అన్నది మన దగ్గర అసాధారణమైన అంకె కాదు. అదే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము బ్యూటైల్ మీథైల్ ఇమిడజోలియం ఉంటే అది 0.0072 మిల్లీమోల్ మాత్రమే. అంటే ప్రతి లక్ష్య అయాన్‌కు ఎదురుగా దాదాపు 700 కాల్షియం ఆవేశాలు నిలబడి ఉన్నాయి. పైగా కాల్షియం రెండు కార్బాక్సిలేట్‌లను ఒకేసారి బంధించగలదు.

దీనికి రెండు పనులు చేయవచ్చు. ఒకటి, నమూనాలో సోడియం ఈడీటీఏ చేర్చి పీహెచ్‌ను 7 నుంచి 8 మధ్య ఉంచితే కాల్షియం, మెగ్నీషియం సంక్లిష్టాలుగా మారి పోటీ నుంచి తప్పుకుంటాయి. ఇమిడజోలియం కాటయాన్‌కు ఈడీటీఏతో చెప్పుకోదగ్గ పేచీ ఉండదు. ఎంత చేర్చాలో తెలియాలంటే ముందు ఆ నీటి కాఠిన్యాన్ని అంశమాపనం చేసి, లెక్కకు కాస్త ఎక్కువ వేయాలి. రెండు, కార్ట్రిడ్జ్‌లో పాలిమర్ పరిమాణాన్ని పెంచడం; ఇది సులువుగా కనిపించినా వరణాత్మకత లేని చోట్లను కూడా పెంచుతుంది, కాబట్టి మొదటిదే మాకు నచ్చిన మార్గం. తుంగభద్ర కాలువనీటిలో కాఠిన్యం బోరునీటి కంటే తక్కువే ఉండవచ్చు గాని, అక్కడ బురద, సేంద్రియ పదార్థం రంధ్రాలను మూసేస్తాయి; 0.45 మైక్రోమీటర్ల వడపోత తర్వాతే కార్ట్రిడ్జ్‌లో పోయాలి.

నీటి పీహెచ్‌ను ఎంతకు సరిచేయాలి?

దాదాపు 7. ఇమిడజోలియం ఆవేశం పీహెచ్‌తో మారదు, మారేది పాలిమర్ మాత్రమే. పాలిమర్‌లో బిగుసుకున్న కార్బాక్సిల్ సమూహాల పీకేఏ విడి మోనోమర్ కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి 5 వద్ద పట్టు సరిపోదు.

మా విభాగంలో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఒక్కటే ఉంది. దానితో నమూనాలను కొలవవచ్చా?

స్వేదనజలంలో చేసే బంధన పరీక్షలకు సరిపోతుంది, భూగర్భజలానికి సరిపోదు. నైట్రేట్ 220 నానోమీటర్ల దిగువన బలంగా పీల్చుకుంటుంది, ఎరువుల వాడకం ఉన్న పొలాల పక్క బోర్లలో అది ఇమిడజోలియం సంకేతాన్ని పూర్తిగా కప్పేస్తుంది. నైట్రేట్ రుణావేశం ఉన్నది కాబట్టి కార్ట్రిడ్జ్ మీద నిలవదు, నీటితో కడిగితే పోతుంది; అయినా చివరి కొలతను హెచ్‌పీఎల్‌సీలోనే చేయండి.

మన నీటిలో ఫ్లోరైడు ఎక్కువ కదా, అది అడ్డు వస్తుందా?

కాటయాన్‌ను పట్టుకోవడానికి అడ్డు రాదు. కానీ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ విఘటనాన్ని ఫ్లోరైడు పెరుగుదలతో అంచనా వేద్దామనుకునేవారికి పెద్ద చిక్కు ఉంది. అనంతపురం జిల్లా నీటిలో సహజంగానే ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటే చోట్లు ఉన్నాయి, ఆ నేపథ్యంలో చిన్న పెరుగుదల కనిపించదు. ఆనయాన్‌ను విడిగా అయాన్ క్రొమటోగ్రఫీతో నేరుగా కొలవాలి.

కడగడానికీ, రాబట్టడానికీ ఏ ద్రవాలు వాడాలి?

మీథనాల్‌తో, తర్వాత నీటితో పాలిమర్‌ను సిద్ధంచేసి, నిమిషానికి ఒక మిల్లీలీటర్ వేగంతో నమూనాను పంపండి. ఆ తర్వాత నీటితో, దాని వెంట కొద్దిపాటి ఎసిటోనైట్రైల్ కలిపిన నీటితో కడగాలి. కొన్ని శాతాల ఫార్మిక్ లేదా ఎసిటిక్ ఆమ్లం కలిపిన మీథనాల్ కాటయాన్‌ను విడిపిస్తుంది. 100 మిల్లీలీటర్ల నమూనాను 2 మిల్లీలీటర్లలోకి రాబడితే గాఢత 50 రెట్లు పెరుగుతుంది. కడిగిన ప్రతి భాగాన్నీ విడిగా దాచి కొలవండి. లక్ష్యం ఎక్కడ జారిపోతోందో అలా తప్ప తెలియదు.

## పని ముగించేటప్పుడు

ఒకే పాలిమర్‌ను ఎన్నిసార్లు వాడవచ్చు?

ప్రతిసారీ ఆమ్లం కలిపిన మీథనాల్‌తో శుభ్రపరచి, ఖాళీ నమూనాను పంపి ఏమీ రావడం లేదని చూసుకున్నంత కాలం వాడవచ్చు. స్వేదనజలంలో చూపిన పునర్వినియోగాన్ని బోరునీటికి వర్తింపజేయకండి, ఎందుకంటే కాల్షియం కార్బనేట్ రంధ్రాల్లో పేరుకుంటుంది. ఆమ్లపు కడుగుడు దాన్ని కరిగిస్తుంది గాని, ఆ సమయంలో పుట్టే బుడగలు పొడిని కదిలించి నీరు ఒకే పక్కగా జారేలా చేస్తాయి; అలా జరిగితే కార్ట్రిడ్జ్‌ను విప్పి మళ్లీ నింపాలి.

మిగిలిన ద్రావణాలను సింకులో పోయవచ్చా?

పోయకూడదు. అయానిక ద్రవం ఆరిపోదు, క్యాంపస్ మురుగు ఇంకుడుగుంతల ద్వారా మళ్లీ భూమిలోకే చేరే చోట అది నేరుగా బోరు వైపు ప్రయాణిస్తుంది. కడిగిన మీథనాల్‌ను రోటరీ ఇవాపరేటర్‌లో తిరిగి రాబట్టి, అడుగున మిగిలిన గాఢమైన లవణాన్ని పేరు, తేదీ రాసిన వేరే సీసాలో ప్రమాదకర వ్యర్థంగా ఉంచి, అనుమతి ఉన్న సేకరణదారుకు అప్పగించండి. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ఉన్న వ్యర్థాన్ని గాజు సీసాలో కాకుండా పాలిథీన్ సీసాలో ఉంచాలి, దానిలో ఆమ్లం కలపకూడదు.